ముస్టాంగ్ ఎడమకు గుంజుతోంది, ఇంజన్ నిలవట్లేదు: ప్రొపెల్లర్ ఫైటర్లు నేర్చుకునేవాళ్ల కోసం

#1 ఉప్పల్_స్టిక్
అన్నలకు నమస్తే. డీసీఎస్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో సుఖోయ్-25టీ జెట్ నాకు బాగానే వస్తది, ల్యాండింగ్‌తో సహా. దాంతోపాటు ఉచితంగా వచ్చే టీఎఫ్-51డీ ముస్టాంగ్ మాత్రం చేతికి చిక్కట్లేదు. థ్రాటిల్ ముందుకు తోయగానే ముక్కు ఎడమకు కొట్టుకపోయి గడ్డిలో పడుతది. ఎట్లనో లేపితే, ఎక్కుతుంటే కొద్దిసేపటికి ఇంజన్ దడదడమని ఆగిపోతది. నాది మెలితిప్పితే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కదిలే ట్విస్ట్ ఉన్న చౌక స్టిక్, కాళ్లతో తొక్కే పెడల్స్ లేవు. పెడల్స్ కొనుడు తప్పదా? తర్వాత ఏ విమానం కొంటే మంచిది?

#2 బంతి_మధ్యలో
తమ్ముడూ, స్టిక్ సంగతి తర్వాత. ముందు ఆప్షన్స్‌లో స్పెషల్ ట్యాబ్ తెరిచి టీఎఫ్-51డీ మీద నొక్కు. టేకాఫ్ అసిస్టెన్స్, ఆటో రడ్డర్ అని రెండు కనిపిస్తాయి. మొదటిది సున్నాకు దించు, రెండోది తీసెయ్. అవి ఉన్నంతసేపూ నీకు తెలియకుండా ఆటే కొంత రడ్డర్ వేస్తుంటుంది. నీది, దానిది కలిసి ఎక్కువైపోయి ముక్కు కుడికి పోతుంది. నువ్వు వదిలేస్తావు, మళ్లీ ఎడమకు వస్తుంది. నీ కాలు (నీకైతే స్టిక్ ట్విస్ట్) ఎంత పని చేస్తోందో నీకే అంతుపట్టదు.

ఇక ఎడమకే ఎందుకంటే, మెర్లిన్ ఇంజన్ ముస్టాంగ్‌లో ప్రొపెల్లర్ కాక్‌పిట్‌లోంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. దానివల్ల నాలుగు బలాలు పుడతాయి, నాలుగూ ఎడమకే. టార్క్ ఎడమ చక్రాన్ని నేలకు అదుముతుంది. ప్రొపెల్లర్ విసిరిన గాలి విమానం చుట్టూ మెలికపడి వెళ్లి నిలువు తోకకు ఎడమ వైపున కొడుతుంది, తోక కుడికి, ముక్కు ఎడమకు. తోక నేల మీద ఉన్నప్పుడు కిందికి దిగే ప్రొపెల్లర్ కుడి రెక్క గాలిని ఎక్కువ పట్టుకుంటుంది. నాలుగోది జైరో ప్రభావం (తిరిగే ప్రొపెల్లర్‌ను వంచితే పక్కకు తోస్తుంది), ఇది తోక పైకి లేచే ఆ ఒక్క క్షణంలోనే వస్తుంది. చాలామంది మొదటి మూడింటినీ కుడి కాలితో కాచుకుని ఈ నాలుగోదాని దగ్గర దొరికిపోతారు.

కాబట్టి టేకాఫ్ ఇలా చెయ్యి. రడ్డర్ ట్రిమ్ (కంట్రోల్‌ను ఒకచోట పట్టి ఉంచే సర్దుబాటు) కుడికి 6 డిగ్రీలు. వెనక ట్యాంకు ఖాళీగా ఉంటే ఎలివేటర్ (ముక్కును పైకి, కిందికి కదిపే తోక పలక) ట్రిమ్ సున్నా. రన్‌వే మీదికి వచ్చాక పది మీటర్లు తిన్నగా ముందుకు జరుపు, తోక చక్రం వరసకు వస్తుంది. స్టిక్ వెనక్కి లాగి పట్టుకుంటే ఆ చక్రం లాక్ అవుతుంది, రడ్డర్‌తో అటూ ఇటూ 6 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. స్టిక్‌ను మధ్యలోంచి ముందుకు తోస్తే లాక్ ఊడి చక్రం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. నీ విమానం గడ్డిలోకి పోవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

థ్రాటిల్ నాలుగైదు సెకన్లు తీసుకుని మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి) గేజ్ మీద 40 అంగుళాల దాకా తీసుకెళ్లి ఆగు. కుడి కాలు ముక్కుతోపాటే కదలాలి, ముక్కు పక్కకు పోయాక వేస్తే ఆలస్యం అయినట్టే. రడ్డర్‌కు గాలి తగలడం మొదలై విమానం కాలి మాట వింటోంది అనిపించాక 55, ఆపైన 61. అప్పుడే స్టిక్ మెల్లగా మధ్యకు వదులు. తోక తనంతట తనే లేస్తుంది, తోసి లేపకు. లేస్తున్నప్పుడు కుడి కాలు ఇంకాస్త. గంటకు 110 మైళ్ల వేగం దగ్గర అదే గాల్లోకి తేలుతుంది.

కుడి కంట్రోల్ + ఎంటర్ నొక్కితే నీ స్టిక్, రడ్డర్ ఎక్కడున్నాయో చిన్న డబ్బాలో చూపిస్తుంది. నేర్చుకునేటప్పుడు అది తెరిచే ఉంచుకో.

#3 సైనిక్‌పురి_సాయంత్రం
అసిస్ట్ మొదటి రోజే తీసేయమనడం నాకు నచ్చదు. ముందు 50కి దించి స్పీడ్లు, గేర్ (చక్రాలు) ఎత్తడం, ట్రిమ్ అలవాటయ్యాక సున్నా చేస్తే మనిషి విసిగి ఆట డిలీట్ చేయకుండా ఉంటాడు.

#4 బంతి_మధ్యలో
50తో నేర్చుకున్న కాలు 0 దగ్గర పనికిరాదండీ. కాలికి అలవాటైన మోతాదే తప్పు అవుతుంది. విసుగొస్తే గాల్లోనే మొదలయ్యే మిషన్ పెట్టుకుని ఎగరమనండి, టేకాఫ్ విడిగా సాధన చేయమనండి.

#5 సైనిక్‌పురి_సాయంత్రం
గాల్లో మొదలుపెట్టమన్న మాట వరకు ఒప్పుకుంటా.

#6 మెర్లిన్_మల్కాజ్‌గిరి
ఇంజన్ గురించి నేను చెప్తా. ప్యాకార్డ్ వి-1650-7 అంటే అమెరికాలో లైసెన్స్ మీద తయారైన మెర్లినే. గుర్తుంచుకోవాల్సిన జోడీలు ఇవి:

టేకాఫ్: 61 అంగుళాలు, 3000 ఆర్‌పీఎం, 5 నిమిషాలకు మించకూడదు.
అత్యవసరం: 67 అంగుళాలు, 3000.
ఎంతసేపైనా: 46 అంగుళాలు, 2700.

జెట్ నుంచి వచ్చినవాళ్లు థ్రాటిల్ చివరిదాకా తోసి అక్కడే మర్చిపోతారు. గేర్ ఎత్తగానే 46, 2700కి రావాలి. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ప్రొపెల్లర్ లివర్ (ఆర్‌పీఎం మార్చేది). పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్, తర్వాత థ్రాటిల్. ఇది తిరగబడితే తక్కువ ఆర్‌పీఎం మీద ఎక్కువ ప్రెషర్ పడుతుంది. బైకును టాప్ గేర్లో ఘాట్ ఎక్కించినట్టే. సిలిండర్లలో డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. బయటికి పెద్దగా వినపడదు, కొన్ని నిమిషాల తర్వాత ఒక్కసారిగా పొగ.

ఉప్పల్ తమ్ముడి ఇంజన్ మాత్రం ఎక్కుతున్నప్పుడు పోతోంది అన్నాడు. అది దాదాపుగా స్పీడు సమస్య. రేడియేటర్ పొట్ట కింద ఉంది, దానికి గాలి కావాలి. 130 మైళ్ల మీద ముక్కు ఎత్తి 61 అంగుళాలతో ఎక్కితే వేడి పుట్టడమే తప్ప పోవడం ఉండదు. 170 మైళ్లు పట్టుకో, అంతకు తగ్గితే ముక్కు దించు. కూలెంట్ 100 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి, 121 దాటకూడదు. ఆయిల్ 70 నుంచి 80. ఆయిల్ ప్రెషర్ 70-80, అది 50కి పడిందంటే దగ్గర్లో రన్‌వే వెతుక్కోవడమే.

కూలెంట్, ఆయిల్ రేడియేటర్ తలుపుల స్విచ్‌లు రెండూ ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో స్టార్ట్ చేసేటప్పుడే చూసుకో. స్టార్ట్ చేయగానే పరుగెత్తించకు. 1200-1300 ఆర్‌పీఎం మీద ఆయిల్ 40, కూలెంట్ 60 దాటేదాకా ఆగు. చల్లని చిక్కటి ఆయిల్‌తో ఫుల్ పవర్ ఇస్తే బేరింగులకు అది అందదు, నష్టం పది నిమిషాల తర్వాత బయటపడుతుంది. నువ్వేమో అప్పుడు చేసిన పనిని నిందిస్తుంటావు. తలకిందులుగా కూడా 10 సెకన్లు మించి ఉండకు, ఆయిల్ పంపుకు నూనె అందదు.

#7 కోఠి_సోల్డర్
పెడల్స్ మాట. ట్విస్ట్‌తో టేకాఫ్ చేయొచ్చు, ల్యాండింగ్ చేయొచ్చు. గురి పెట్టి కాల్చడం దగ్గర కష్టం. మణికట్టు తిప్పితే స్టిక్ కూడా కాస్త పక్కకు ఒరుగుతుంది, కుడి రడ్డర్ అనుకున్నది కుడి రోల్‌గా మారుతుంది. ట్విస్ట్ యాక్సిస్‌కు డెడ్‌జోన్ (మధ్యలో కదిలినా ఆట పట్టించుకోని భాగం) 3 పెట్టు, కర్వ్ (మధ్యలో స్పందన తగ్గించే వంపు) 20. పిచ్‌కు 15 చాలు, రోల్‌కు ఏమీ వద్దు. ముప్పై నలభై కర్వులు పెట్టుకుంటే మధ్యలో బాగుంటుంది గానీ చివర్లకు వెళ్లేసరికి ఉన్నట్టుండి ఎక్కువైపోయి మలుపులో స్టాల్ (రెక్కలు గాలి మీద పట్టు కోల్పోవడం) కొడతావు.

ఇప్పుడే డబ్బు పెట్టేటట్టయితే పెడల్స్ కన్నా ముందు నీ తల కదలికను ఆటకు చెప్పే ట్రాకింగ్‌కు పెట్టు. ప్రొపెల్లర్ పోరాటంలో శత్రువు ఎప్పుడూ భుజం వెనకే ఉంటాడు. రాడార్ లేదు. హ్యాట్ స్విచ్‌తో (స్టిక్ మీది బొటనవేలి బటన్) తల తిప్పుకుంటూ కూర్చుంటే కనపడకుండానే చస్తావు. ఓపెన్‌ట్రాక్ ఉచితం. మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని పట్టే న్యూరల్‌నెట్ ట్రాకర్ అందులోనే ఉంది, మొదలుపెట్టడానికి చాలు.

ఇంకా కచ్చితంగా కావాలంటే తలకు పెట్టుకునే ఐఆర్ (కంటికి కనపడని పరారుణ కాంతి) క్లిప్ చేసుకో. కోఠి గుజరాతీ గల్లీలో సామానంతా దొరుకుతుంది: మూడు ఐఆర్ ఎల్‌ఈడీలు, 22 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, పాత యూఎస్‌బీ తీగ. మూడింటినీ సిరీస్‌లో కలుపు. ఒక్కోదాని మీద సుమారు 1.35 వోల్టులు పడతాయి, మొత్తం 4.05. యూఎస్‌బీ ఇచ్చే 5లో మిగిలిన 0.95 వోల్టు రెసిస్టర్ మీద పడి కరెంట్ 43 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. రెసిస్టర్ లేకుండా కలిపితే ఎల్‌ఈడీలు మాడిపోతాయి. వెడల్పు కోణంలో వెలుగు చిమ్మేవి అడుగు, సన్నగా వెలిగే రకమైతే తల తిప్పగానే కెమెరాకు కనిపించవు. కెమెరాలో ఐఆర్‌ను ఆపే చిన్న గాజు ముక్క ఉంటుంది, అది తీసి పాత ఫొటో నెగిటివ్ నల్ల ముక్క పెట్టాలి.

పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం నాలుగింటికి ఇది పిచ్చెక్కిస్తుంది, ఎండలో ఐఆర్ నిండా ఉంటుంది. కెమెరాకు మూడు చుక్కలకు బదులు ఏడు కనిపిస్తాయి. కర్టెన్ వేయండి, లేదా ట్రాకర్‌లో థ్రెషోల్డ్ (చుక్కగా లెక్కించే వెలుగు హద్దు) పెంచండి.

#8 ఉప్పల్_స్టిక్
అసిస్ట్ తీసేసి, స్టిక్ వెనక్కి పట్టి చేస్తే టేకాఫ్ తిన్నగా వచ్చింది అన్నా. 46/2700, 170 మైళ్లు పట్టుకుంటే ఇంజన్ కూడా నిలిచింది. ఇప్పుడు దిగినంక రన్‌వే మీద గిర్రున తిరిగిపోతోంది.

#9 సైనిక్‌పురి_సాయంత్రం
అది గ్రౌండ్ లూప్. దుండిగల్ వాయుసేన అకాడమీ మీద తిరిగే పీసీ-7 మార్క్ 2 శిక్షణ విమానానికి ముక్కు చక్రం ఉంది, దాని బరువు ప్రధాన చక్రాలకు ముందుంటుంది. అందుకని కొంచెం వంకరగా దిగినా అదే సర్దుకుంటుంది. మన విమానాల్లో బరువు చక్రాలకు వెనక ఉంది. వంకరగా తాకితే ఆ బరువు ముందుకు రావాలని చూస్తుంది, వంకర ఇంకా పెరుగుతుంది. ఓ స్థాయి దాటాక రడ్డర్ దాన్ని ఆపలేదు.

ముస్టాంగ్ దింపే పద్ధతి: రన్‌వేకు పక్కగా వెళ్తూ 170 మైళ్ల లోపు గేర్. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దిగే పలకలు) 10-20 డిగ్రీలు. తిరిగేటప్పుడు 150, వరసకు వచ్చాక ఫుల్ ఫ్లాప్స్, 120. ఫుల్ ఫ్లాప్స్ 165 దాటి దింపొద్దు. ప్రొపెల్లర్ లివర్ ముందుకు తోసి ఉంచాలి, మళ్లీ లేవాల్సి వస్తే అప్పుడు వెతుక్కోకూడదు. రన్‌వే అంచు 110 దగ్గర దాటి, థ్రాటిల్ మూసి, స్టిక్ కొంచెం కొంచెంగా వెనక్కి. మూడు చక్రాలు కలిసి తాకితే మంచిదే, ముందు రెండు తాకినా పర్లేదు. తాకేటప్పుడు ముక్కు రన్‌వే వెంబడే ఉండాలి, అదొక్కటే ముఖ్యం.

దిగాక పని అయిపోయిందని కాలు తీసేస్తారు. అసలు పని అప్పుడే. స్టిక్ పొట్టకు ఆనించి తోక చక్రం లాక్‌లో ఉంచు, చిన్న చిన్న రడ్డర్ పోట్లు వేస్తూ పో. బ్రేకులు 50 మైళ్ల కిందికి వచ్చాకే, తట్టి వదిలేయాలి. రెండూ కలిపి తొక్కితే ముక్కు మీద పడి ప్రొపెల్లర్ వంగుతుంది.

మళ్లీ లేవాలనుకుంటే థ్రాటిల్ ఒక్కసారిగా తోయకు. 100 మైళ్ల దగ్గర 61 అంగుళాలు ఇస్తే విమానం ప్రొపెల్లర్‌కు ఎదురుగా, అంటే ఎడమకు, బోర్లా తిరుగుతుంది. 40 దాకా ఇచ్చి, కుడి కాలు వేసి, స్పీడు వచ్చాక మిగతాది.

#10 నూటతొమ్మిది_నల్లకుంట
అందరూ ముస్టాంగ్ భజనేనా! కొనాలంటే మెస్సర్‌ష్మిట్ 109 కే-4 తీసుకో తమ్మీ. ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల కోణం) దానంతట అదే చూసుకుంటది, నువ్వు ఒక్క లివర్ కదిపితే చాలు. ఎక్కడంలో దీని జోలికి ఎవరూ రారు.

#11 బంతి_మధ్యలో
నేర్చుకునేవాడికి 109 ఇస్తే నేల మీదే సగం ఆయుష్షు అయిపోతుంది. చక్రాల మధ్య దూరం తక్కువ, కాక్‌పిట్‌లోంచి తిప్పుకునే రడ్డర్ ట్రిమ్ లేదు, తోక చక్రం లాక్ లివర్ గుర్తుపెట్టుకుని వేయాలి. గాల్లో కూడా వేగం పెరిగితే ఎలివేటర్ రాయిలా బిగుసుకుపోతుంది. ముస్టాంగ్ డైవ్ చేసి పారిపోతుంటే వెంటపడ్డ 109 పైకి లాగలేక నేలకు కొట్టుకోవడం ఆన్‌లైన్‌లో రోజూ చూసేదే. తప్పించుకోవాలంటే స్టిక్‌తో కాదు, తోక ట్రిమ్ చక్రంతో లాగాలి.

#12 నూటతొమ్మిది_నల్లకుంట
ట్రిమ్ చక్రాన్ని ఓ యాక్సిస్‌కు కట్టేస్తే ఆ బాధ ఉండదు. థ్రాటిల్ పక్కన స్లైడర్ ఉంటే దానికి పెట్టుకో. ఇంకో మాట: ఎండబ్ల్యూ-50 (అదనపు పవర్ కోసం ఇంజన్‌లోకి చిమ్మే నీళ్లు-మెథనాల్) ఒక్కసారికి 10 నిమిషాలు మించి వాడొద్దు.

#13 మెర్లిన్_మల్కాజ్‌గిరి
నా వరస చెప్తా, కొట్టుకోకండి. ఒంటి లివర్ సుఖం కావాలంటే ఫోకే-వుల్ఫ్ 190 డీ-9 మేలు. చక్రాలు ఎడంగా ఉంటాయి, స్టిక్ వెనక్కి లాగితే తోక చక్రం లాక్. దాని బుద్ధి ఒక్కటే చెడ్డది. మలుపులో గట్టిగా లాగితే పెద్దగా హెచ్చరిక లేకుండా రెక్క పడేస్తుంది.

స్పిట్‌ఫైర్ తొమ్మిది గాల్లో వెన్న, నేల మీద మొండి. తోక చక్రానికి లాక్ లేదు. బ్రేక్ స్టిక్ మీద ఒకే లివర్, రడ్డర్ ఎటు తొక్కితే ఆ చక్రానికి గాలి ఒత్తిడి ఎక్కువ పోతుంది. టో బ్రేకులు (కాలి మునివేళ్లతో నొక్కేవి) లేని పెడల్స్ ఉన్నవాళ్లకు ఇది లాభమే. ఫ్లాప్స్ పైకి లేదా కిందికి, మధ్యలో ఏమీ లేదు. టేకాఫ్‌కు +7 బూస్ట్ (బ్రిటిష్ లెక్కలో మ్యానిఫోల్డ్ ప్రెషర్) సరిపోతుంది, +18 పోరాటానికి, అదీ 5 నిమిషాలు. ఎలివేటర్ మరీ తేలిక, పిచ్ కర్వ్ దీనికే నిజంగా కావాలి.

ఐఎల్-2 అనే ఇంకో సిమ్యులేటర్‌లో స్పిట్‌ఫైర్ 14 నడిపేవాళ్లు జాగ్రత్త. అది గ్రిఫాన్ ఇంజన్, ప్రొపెల్లర్ మెర్లిన్‌కు ఎదురు వైపు తిరుగుతుంది, విమానం కుడికి గుంజుతుంది. టెంపెస్ట్ కూడా అంతే. మన వాయుసేన 1947-48 కశ్మీర్ పోరులో వాడినవి టెంపెస్ట్ 2లు, వాటికి సెంటారస్ ఇంజన్. ఆటలో ఉన్నది సేబర్ ఇంజన్ మార్క్ 5.

ఉప్పల్ తమ్ముడికైతే పీ-51డీనే. టీఎఫ్-51డీలో పట్టుబడిన కాలు, చేయి దాదాపు అట్లాగే పనికొస్తాయి. తుపాకులు మాత్రమే కొత్త.

#14 ఉప్పల్_స్టిక్
పీ-51డీ తీసుకున్నా. టార్గెట్ వెనకకు పోతున్నా, కాలుస్తున్నా, ఒక్కటీ తగలట్లేదు. కే-14 సైట్‌లో (గురి ఎంత ముందుకు పెట్టాలో జైరోతో లెక్కగట్టేది) వలయం ఎటో పోతది.

#15 బంతి_మధ్యలో
నా పేరే దీనికి జవాబు. స్లిప్ ఇండికేటర్‌లో బంతి మధ్యలో లేకపోతే నీ ముక్కు చూసే వైపు విమానం పోవడం లేదు. తూటా ఆ పక్క వేగాన్ని కూడా మోసుకెళ్తుంది. వలయం సరిగ్గా శత్రువు మీదే ఉన్నా తూటాలు పక్కనించి పోతాయి. డైవ్‌లో వేగం పెరిగేకొద్దీ ఎక్కడానికి వేసిన కుడి ట్రిమ్ ఎక్కువైపోతుంది, అప్పుడు ఎడమ కాలు కావాలి. 300 మైళ్ల దగ్గర ఒక ట్రిమ్, 400 దగ్గర ఇంకోటి.

కే-14కి రెండు సంగతులు చెప్పాలి: ఎదుటివాడి రెక్కల వెడల్పు, దూరం. వెడల్పు డయల్ అడుగుల్లో ఉంటుంది. 109కి 32, 190కి 34. దూరం థ్రాటిల్ పిడి తిప్పి ఇస్తాం, వజ్రపు గుర్తుల వలయం రెక్కల చివరలను తాకేలా. దాన్ని ఒక యాక్సిస్‌కు కట్టుకో, బటన్‌తో కుదరదు. జైరో కుదురుకోవడానికి కనీసం ఓ సెకను నిలకడగా వెంబడించాలి. స్టిక్ కుదిపేస్తే వలయం ఈదుతుంది, నీకు జరుగుతున్నది ఇదే.

జైరో లేకుండా అంచనా తెలియాలంటే ఒక లెక్క వేసి చూడు. 300 మైళ్ల వేగంతో అడ్డంగా పోయే విమానం సెకనుకు సుమారు 134 మీటర్లు పోతుంది. 300 గజాల దూరానికి తూటాకు మూడో వంతు సెకను పైచిలుకు పడుతుంది. ఆలోపు అది 45 మీటర్ల పైనే జరుగుతుంది. 109 పొడవు 9 మీటర్లు. అంటే దాని ముందు ఐదు విమానాలంత ఖాళీలో కాల్చాలి. అంత ముందు కాల్చాలని ఎవరికీ అనిపించదు, అందుకే అందరి తూటాలూ తోక వెనకే పోతాయి. కాబట్టి వెనక నుంచి, చిన్న కోణంలో, 300 గజాల లోపలికి వచ్చాకే ట్రిగ్గర్.

#16 కోఠి_సోల్డర్
తూటాలు లెక్కపెట్టుకోండి. ఆరు తుపాకులకు 1880. లోపలి రెండింటికి 400 చొప్పున, మిగతా నాలుగింటికి 270. నిమిషానికి 800 లెక్కన నాలుగు తుపాకులు 20 సెకన్లకే ఖాళీ, ఆపైన రెండే పలుకుతాయి. సెకనుకు మించి ట్రిగ్గర్ పట్టుకోవద్దు. స్పిట్‌ఫైర్ హిస్పానో ఫిరంగులకైతే ఒక్కోదానికి 120, పన్నెండు సెకన్లలో సున్నా.

#17 ఉప్పల్_స్టిక్
బంతి కుదిరింది, రెండు పడ్డాయి! కానీ ఇంధనం 100 శాతం పెట్టుకుని ఆన్‌లైన్‌కు పోతే, గట్టిగా తిప్పగానే స్టిక్ చేతిలోంచి తన్నుకుపోయినట్టు ముక్కు లోపలికి దూసుకొచ్చి స్పిన్. నిన్న ఇట్ల కాలేదు.

#18 మెర్లిన్_మల్కాజ్‌గిరి
వెనక ట్యాంకు. రెక్కల్లో 92 గ్యాలన్ల చొప్పున రెండు, నీ సీటు వెనక 85. అది నిండి ఉంటే బరువు కేంద్రం వెనక్కి జరిగిపోతుంది. అసలు విమానం మాన్యువల్ కూడా వెనక 40 గ్యాలన్ల పైన ఉంటే విన్యాసాలు వద్దనే అంటుంది. మొత్తం 269లో రెక్కలవి 184, అంటే 68 శాతం. అంతకు మించి పెట్టకు. సర్వర్‌లో గంట పోరాటానికి అది చాలు.

ఎడమ ట్యాంకుతో స్టార్ట్ చెయ్, కార్బ్యురేటర్ నుంచి తిరిగొచ్చే ఇంధనం ఎడమ దాంట్లోకే పోతుంది. కుడితో మొదలుపెడితే నిండిన ఎడమ ట్యాంకు పొంగి, అంతా బయటికి పోతుంది. ఆపైన పావుగంటకోసారి మార్చుకుంటూ ఉండు, లేకపోతే ఒక రెక్క బరువై ట్రిమ్ నిలవదు.

#19 సైనిక్‌పురి_సాయంత్రం
ఆన్‌లైన్ మాట వచ్చింది కాబట్టి: యూరప్ వార్‌బర్డ్ (పాతకాలపు ప్రొపెల్లర్ యుద్ధ విమానాల) సర్వర్లు వాళ్ల రాత్రి ఎనిమిదికి నిండుతాయి. మనకది ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. ఇక్కడినుంచి పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లొచ్చే ఆలస్యం) ఎక్కువే. దగ్గరికొచ్చిన శత్రువు గెంతినట్టు కనిపిస్తే వెంటనే కాల్చకు, గెంతు ఆగాక ఓ క్షణం వెంబడించి కాల్చు. వైఫై వద్దు, తీగ వాడు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకో, వానాకాలంలో కరెంట్ రెప్పపాటు పోయినా సెషన్ పోతుంది.

#20 నూటతొమ్మిది_నల్లకుంట
శనివారం రాత్రి పది గంటలకు కాకసస్ మ్యాప్‌లో సాధన పెడుతున్నా. పీ-51లు 68 శాతం, కే-4లు 50 శాతం, మేఘాల్లేకుండా, పది వేల అడుగుల మీద ఎదురెదురు. మొదటి అరగంట తుపాకులు బంద్, వెనక పడి వలయం నిలబెట్టడమే. ఉప్పల్ తమ్మీ, టేకాఫ్ నేల మీంచే, గాల్లో మొదలుపెట్టే స్లాట్ లేదు. ట్రాక్ ఫైల్ (ఆట రికార్డింగ్) సేవ్ చేసి ఇక్కడ పెట్టు, ఎవరి కాలు ఎప్పుడు ఆలస్యమైందో బంతి చెప్తది.